వయసు, వన్నె, విద్య

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీథులలో నడచువారికి రెండు విధములైన పలకలు విరివిగా కనబడును. ఒకటి పోటీ పరీక్షలకు శిక్షణ యిచ్చు సంస్థలవి. రెండవది బ్యూటీ పార్లర్లవి. మొదటివి రాబోవు కాలమును వాగ్దానము చేయును. రెండవవి గడచిన కాలమును తిరిగి యిచ్చెదమనును. ముఖమునందలి ముడుతలు పోవునట, మంగు మాయునట, జుట్టు నలుపెక్కునట, పదియేండ్ల ప్రాయము తగ్గునట.

స్త్రీ చక్కగా కనబడగోరుటలో దోషము లేదు. సున్నిపిండి, పసుపు, కాటుక, కుంకుడుకాయ, గోరింటాకు తెలుగు ఇంటికి క్రొత్తవి కావు. నలుబదియైదేండ్ల ఉపాధ్యాయిని పూలచీర కట్టి బడికి వచ్చినచో 'ఈ వయసులో ఈ సోకులేమి' అని ఆడిపోసుకొను నోరే, ఆమె వెలిసిన నూలుచీరలో వచ్చిననాడు 'అప్పుడే ముసలమ్మ వాలకము వచ్చినది' అనును. అట్టి నోటికి సమాధానము చెప్పబూనుట వృథా. విచారింపవలసినది వేరొకటి. స్త్రీ శరీరమున యౌవనము నిలుచుటకు కారణమేమి? అకాలముగ తొలగుటకు కారణమేమి? ఆ పలకల వెనుక ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. ఈ పేటల చరిత్రలో మాత్రము కొంత దొరకును.

1928లో మాడపాటి హనుమంతరావుగారు మఱికొందరు పెద్దల తోడ్పాటుతో హైదరాబాదులో తెలుగు బాలికల కొరకు తెలుగు మాధ్యమమున ఒక పాఠశాలను నెలకొల్పిరి. ఆంధ్ర బాలికోన్నత పాఠశాలగా పేరొందిన ఆ బడి నారాయణగూడలో తరువాత వారి పేరనే నడచినది. నిజాము రాజ్యమున ఉన్నత విద్య ఉర్దూలో సాగుచున్న దినములవి. తెలుగున పాఠములు చెప్పు బడికి స్థానికముగ గుర్తింపు లభింపలేదు. అందుచే పాఠశాల వారు ధోండో కేశవ కర్వేగారు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసి వచ్చినది. ఇంటి ప్రక్క చదువుకు గుర్తింపు మహారాష్ట్రము నుండి తెచ్చుకొనవలసిన గతి! 1954లో అదే నారాయణగూడలో రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారి పేర మహిళా కళాశాల వెలసినది. ఈ సంస్థలను గురించి ప్రసంగించువారు విద్యావ్యాప్తిని, భాషాభిమానమును కొనియాడుదురు. అది న్యాయమే. కాని ఇట్టి బడులు చేసిన మఱియొక మేలును ఎవ్వరును సభలలో చెప్పరు. తెలుగు స్త్రీకి ముదిమిని వెనుకకు నెట్టినవి ఈ బడులే.

ఇది అతిశయోక్తి కాదు. ఆ కాలపు స్త్రీ ఎట్లు వృద్ధురాలగుచుండెనో తలచుకొన్నచో విషయము స్పష్టమగును. పదియేండ్లకో పండ్రెండేండ్లకో పెండ్లి. ఎముకలు పూర్తిగా ఎదుగకముందే కాన్పు. ముప్పది నిండునప్పటికి ఐదారు పురుళ్లు, వానిలో ఒకటి రెండు బిడ్డల దుఃఖములు. పాలిచ్చు తల్లి ఎముకలనుండి సున్నము, రక్తము నుండి ఇనుము తరలిపోవుచుండగా, ఆమె విస్తరిలో పడునది అందరును తినగా మిగిలిన చారునీళ్లు. 1929 నాటి శారదా చట్టము బ్రిటిషు ఇండియాకు చెందినది. నిజాము రాజ్యమునకు అది వర్తింపలేదు. ముప్పదియైదేండ్ల ఇల్లాలు పండ్లు కదలి, బుగ్గలు పీల్చుకొనిపోయి, నడుము వంగి కనబడుట నాడు వింత కాదు. 1951 జనాభా లెక్కలకు ముందటి దశాబ్దమున భారత స్త్రీ సగటు ఆయువు 32 ఏండ్లకు మించలేదు. సగటు అనగా అందరును ముప్పది రెండవ యేట మరణించిరని కాదు. శిశుమరణములు ఆ సగటును క్రిందికి లాగినవి. కాని ఆ శిశువులను కన్న తల్లుల స్థితి యెట్లుండెనో కూడ ఆ లెక్కయే తెలుపుచున్నది.

బడికి పోయిన బాలికకు పెండ్లి ఒక యేడు వాయిదా పడెను. మెట్రిక్యులేషను చదివినచో మఱి మూడేండ్లు, కళాశాలకు పోయినచో ఇంకను కొన్ని యేండ్లు. తొలి కాన్పు వెనుకకు జరిగినది. కాన్పుల సంఖ్య తగ్గినది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఒక స్త్రీకి సగటున కలుగు సంతానము తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. నేటి నలుబదియైదేండ్ల ఉపాధ్యాయినిని ఆమె ముత్తవ్వకు అదే వయసున తీయించిన ఛాయాచిత్రము ప్రక్క నిలిపి చూచినచో, ఏ లేపనమును చేయజాలని పని ఏది చేసినదో తెలియును. ఐనను పని పూర్తి కాలేదు. అదే సర్వే నాటికి 20 నుండి 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో 18 నిండకముందే పెండ్లియైనవారు తెలంగాణలో నూటికి 23 మందికి పైగాను, ఆంధ్రప్రదేశ్‌లో 29 మందికి పైగాను ఉండిరి. తొమ్మిదవ తరగతిలో హాజరుపట్టీ నుండి ఒక బాలిక పేరు కొట్టివేయునపుడు, ఆమె యౌవనమున కొన్ని యేండ్లు కూడ అచ్చటనే కొట్టివేయబడుచున్నవని ఉపాధ్యాయులు గుర్తింపవలెను.

దుర్గాబాయమ్మగారి జీవితము దీనికి నిదర్శనము. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. వయసు వచ్చిన పిదప ఆ బంధమును ఆమె అంగీకరింపలేదు. అదే జరుగకున్నచో, ఆ తరపు స్త్రీలు పలువురివలె ఆమెయు ముప్పదియేండ్లకే పెద్దముత్తైదువగా ఒక మూల కూర్చుండియుండెడిదేమో. అట్లు గాక ఆలస్యముగ చదువు మొదలిడి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొంది, 1942లో న్యాయశాస్త్ర పట్టమును అందుకొని, రాజ్యాంగ సభలో సభ్యురాలైరి. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడునాటికి ఆమె వయసు 43 ఏండ్లు. ఆ కాలమున ఆ వయసు స్త్రీకి మనుమల ఉయ్యాల తప్ప వేరొక ముచ్చట ఉండునని లోకము భావింపలేదు. తరువాత హైదరాబాదునకు వచ్చి, విద్యానగరు ప్రాంతమున ఆంధ్ర మహిళా సభ పనిని విస్తరింపజేసి, 1981లో కన్నుమూయువరకు ఆమె పనిలోనే ఉండిరి. చిత్రములలో కనబడు ఆమె వేషము నిరాడంబరము. ముఖమున తేజము మాత్రము చూచువారిని నిలుపును. ఆ తేజము పుట్టుకతో వచ్చినదని సరిపెట్టుకొనుట పొరపాటు. ముప్పదవ యేటికే అరిగిపోవలసిన శరీరము అరుగకుండుటకు ఆమె చదువు కారణము. ఇల్లిందల సరస్వతీదేవిగారిని కూడ ఇచ్చట స్మరింపవచ్చును. 1918లో జన్మించి హైదరాబాదున సాహిత్య సేవ చేసిన ఆమెకు 'స్వర్ణకమలాలు' కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము 1982లో వచ్చినది. అప్పటికి ఆమె అరువది నాలుగేండ్లది.

యౌవనమును తిరిగి పొందగోరిన కథలు పురాణములలో లేకపోలేదు. యయాతి శుక్రాచార్యుని శాపమువలన ముదిమి పొంది కుమారుడైన పూరుని యౌవనమును ఎరువు తెచ్చుకొనెను. చ్యవనుడు అశ్వినీదేవతల అనుగ్రహమున యువకుడాయెను. గమనింపదగిన విషయమేమనగా, ఆ కోరిక కోరినవారును తీర్చుకొన్నవారును పురుషులే. సుకన్యకు ముదుసలి మగడే చాలునని లోకము తృప్తిపడినది. కాలము మారినది, నేడు యౌవనమును తిరిగి తెచ్చుకొను భారము స్త్రీపై పడినది.

చిక్కడపల్లికి ఆనుకొనియున్న ఆర్టీసీ చౌరస్తాలోని చలనచిత్రశాలలు ఈ తలక్రిందుల న్యాయమును తరతరములకు నేర్పినవి. 1972 నాటి 'బడిపంతులు' చిత్రమున ఎన్.టి. రామారావుగారు ఉపాధ్యాయుడుగాను, అంజలీదేవిగారు భార్యగాను నటించిరి; బాలనటి శ్రీదేవి వారి మనుమరాలు. ఏడేండ్లు గడచి 1979 వచ్చునప్పటికి 'వేటగాడు'లో అదే శ్రీదేవి అదే రామారావుగారి సరసన కథానాయిక! 1963లో 'లవకుశ'లో ఆయన రాముడు కాగా సీతగా నటించిన అంజలీదేవిగారు నాటికి తల్లి పాత్రలకు మరలియుండిరి. ఆమె ఆయనకంటె నాలుగేండ్లు చిన్న. ఇందు నటీనటులను నిందింప పనిలేదు. చూచువారు దానిని వింతగా భావింపలేదు, అదియే విచారము. పురుషునకు వయసు అనుభవమగును, స్త్రీకి వయసు అపరాధమగును. వెండితెరపై ఈ పాఠమును చూచి పెరిగిన బాలికయే నేడు నలుబదియవ పుట్టినరోజున అద్దము ముందు నిలిచి కలతపడుచున్నది.

ఇక చర్మము మాట. శరీరమున ముదిమి మొదట కనబడు చోటు చర్మమే కనుక దాని సంగతి బాలికలకు పాఠముగనే చెప్పవలెను. చర్మమునకు బిగువు నిచ్చునది కొల్లాజెన్ అను మాంసకృత్తు. అది యౌవనము దాటిన పిదప ఏటేట కొంత తగ్గును. ముట్లుడిగిన తరువాతి మొదటి ఐదేండ్లలో స్త్రీ చర్మమునందలి కొల్లాజెన్ దాదాపు 30 శాతము వరకు తరుగునని పరిశోధకులు లెక్కించిరి. దీనికి తోడు ఎండ. చర్మమును ముదిరించు అతినీలలోహిత కిరణములలో ఒక జాతి కిటికీ అద్దముగుండ కూడ లోనికి వచ్చును. కిటికీ ప్రక్క కుర్చీలో ఇరువదియేండ్లు కూర్చుండిన ఉపాధ్యాయిని ఒక చెంప రెండవ చెంపకంటె ముందుగా మడతపడుట అందుచేతనే సంభవము. నారాయణగూడ చౌరస్తాలో స్కూటరుపై పోవు యువతులు ఓణీని ముఖమునకు గట్టిగ చుట్టుకొని కన్నులు మాత్రము కనబడనిచ్చుట చూచి పెద్దలు నవ్వుదురు. నవ్వవలసిన పనిలేదు. దుమ్మును, ఎండను ఒక్క గుడ్డతో ఆపు ఆ ఉపాయము చాల లేపనములకంటె మేలు.

చామనచాయ చర్మమును గురించి ఒక మాట చెప్పక తీరదు. ఎండనుండి చర్మమును కాచునది అందలి నల్లని వర్ణకము, మెలనిన్. అందుచేతనే తెల్లని చర్మముగల జాతుల స్త్రీలకంటె చామనచాయ స్త్రీలకు ముడుతలు ఆలస్యముగ వచ్చును. ఆలస్యముగ ముదియు చర్మమును ప్రకృతి ఉచితముగ ఇచ్చినది. దానిని వదలించుకొనుటకు తెలుపు లేపనములు కొనుచున్నారు! ఇంతకంటె నష్టపు బేరము అంగడిలో వేరొకటి ఉండదు.

నష్టము డబ్బుతో పోయినచో చింత లేదు. ముఖము తెల్లబడుటకు కొందరు వాడు గొట్టపు మందులలో స్టిరాయిడులు ఉండును. అవి కొన్ని చర్మవ్యాధులకు వైద్యుడు కొన్ని దినములకు వ్రాయవలసిన మందులు. నెలల తరబడి ముఖమునకు పూసినచో చర్మము పలుచబడును, ఎఱ్ఱబారును, మొటిమలు లేచును, వెండ్రుకలు మొలచును, మానినచో మంట. యౌవనము కొరకు పూసినది ముదుసలి చర్మమును ఇచ్చును. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాని మందుల జాబితాలో చేర్చినది. చట్టము పుస్తకములో ఉన్నది. గొట్టము చీటీ లేకయే చేతికి వచ్చుట మాత్రము ఆగలేదు. పాదరసము కలిపిన తెలుపు లేపనములు మఱియొక ఆపద. అవి మూత్రపిండములకు చేటు. మినమాటా ఒడంబడిక అట్టివానిని నిషేధించినది. తలకు వేయు రంగులలో పలువానియందు ఉండు పీపీడీ అను రసాయనము కొందరికి తలయంతయు పుండ్లు పడునంతటి వికటము కలిగించును. నల్ల గోరింట పేరుతో అమ్ముదానిలోను అదే ఉండవచ్చును. బొట్టుబిళ్ల వెనుక జిగురులోని రసాయనమువలన నుదుట బొట్టుచోటనే తెల్లమచ్చ పడిన స్త్రీలను చర్మవైద్యులు తరచు చూచుచున్నారు.

'సహజము' అను ముద్ర ఉన్నంత మాత్రమున హాని లేదనుకొనుటయు తగదు. నిమ్మరసము ముఖమునకు రాచి ఎండలోనికి పోయినచో చర్మము కాలి నల్లని మచ్చలు పడును. చెట్టునుండి వచ్చినదెల్ల మేలుచేయునదైనచో ఉమ్మెత్త కూడ మేలుచేయవలెను గదా. అమ్మమ్మల సున్నిపిండి మంచిదగుటకు కారణము దానిలోని పెసలు, పసుపు మాత్రమే కాదు. అది మురికిని వదలించి ఊరకుండును, అంతకుమించి చేసెదనని బొంకదు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము మందుల పేర జరుగు బూటకములను కొంత అరికట్టుటకు ఏర్పడినది. చర్మపు తెలుపు, అకాల వార్ధక్యము, జుట్టు నెరయుట మున్నగువానిని కూడ ఆ చట్టము పరిధిలోనికి తెచ్చు ముసాయిదా 2020లో ప్రకటింపబడినది. అట్టి ప్రకటనలను ప్రచురించు పత్రికలును తమ అద్దములో తాము చూచుకొనవలసి యున్నది.

అంగడి సరకు చేయు హాని కంటికి కనబడును. కంటికి కనబడక స్త్రీని ముదిరించునది తిండి. నారాయణగూడకు కొద్ది మైళ్ల దూరమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ తొలి కాలమున చూచిన రోగములలో పెల్లాగ్రా ఒకటి. జొన్నయే ముఖ్యాహారముగ గల బీదవారికి మెడ చుట్టును, ముంజేతులపైనను ఎండ తగులు చోట చర్మము నల్లగా, మొద్దుగా, పొలుసులుగా మారుచుండెను. డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతియాగార్లు 1960లో దీనికిని జొన్నలోని లూసిన్ అను పదార్థమునకును గల సంబంధమును వైద్యలోకము దృష్టికి తెచ్చిరి. కొరవడినది నియాసిన్ అను ఒక విటమిను. అది అందినంతనే ఆ చర్మము తిరిగి చర్మము వలెనయ్యెను. ఆ స్త్రీల ముఖమునకు ఏ పూత పూసి యుండినను ఏమి ప్రయోజనము?

నేడు పెల్లాగ్రా అరుదు. రక్తహీనత అరుదు కాదు. 2019-21 సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు తెలంగాణలో 57.6 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతము. పాలిపోయిన పెదవులు, రాలు జుట్టు, మెట్టెక్కినంతనే ఆయాసము, కన్నుల క్రింద నీడ: వీనికి పార్లరులో పేరు ముదిమి, వైద్యుని వద్ద పేరు ఇనుము కొరత. అదే సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను, పురుషునకు 19 చాలును. ఎక్కువ కావలసిన మనిషికి తక్కువ వడ్డించు ఆచారము మాత్రము ఇంకను పోలేదు. తోటకూర, మునగాకు, గోంగూర, రాగులు, నువ్వులు చిక్కడపల్లి కూరగాయల బజారున దొరకని వస్తువులు కావు. భోజనముతో పాటు నిమ్మరసమో ఉసిరికాయో ఉన్నచో ఆకుకూరలోని ఇనుము శరీరమునకు బాగుగ పట్టును. భోజనము వెంటనే త్రాగు కాఫీ, తేనీరు దానిని అడ్డును. కాఫీని రెండు గంటలు వెనుకకు జరుపుట కొందరు ఉపాధ్యాయినులకు కఠినపరీక్షయే కావచ్చును.

ఆహారముకంటెను భయంకరముగ స్త్రీని ఒక్కదినమున వృద్ధురాలిని చేయునది శస్త్రము. 2015-16 సర్వేలో దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు 3.2 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతము. దేశమునందు ఇదియే ఎక్కువ. వీరిలో అవసరమై చేయించుకొన్నవారు కొందరు. తెల్లబట్టకు, నడుము నొప్పికి, 'పిల్లలు పుట్టిరి గదా, ఇక దానితో పనియేమి' అను మాటకు లోబడి చేయించుకొన్నవారు చాలమంది. అండాశయములు కూడ తీసివేసినచో ముప్పదియైదేండ్ల స్త్రీకి ముట్లుడుగు దశ మరునాడే వచ్చును. ఉంచినను అవి కొన్ని యేండ్లు ముందుగా అలసిపోవచ్చును. ఎముకలు పెళుసగును, చర్మము సడలును, నిద్ర పట్టదు, గుండెకు రక్షణ తగ్గును. అనవసరపు శస్త్రచికిత్సలను నివారించుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. వానిని అమలుపరుపవలసినదిగా సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రములను ఆదేశించినది. యౌవనము నిలుపుకొనుటను గురించి తెలుగు దేశమున ఎవరేమి వ్రాసినను, మొదట వ్రాయవలసినది ఈ సంగతి. రెండవ వైద్యుని సలహా లేక గర్భసంచి తీయించుకొనరాదని ప్రతి తల్లికి చెప్పగలవారు బడిపిల్లలే.

అశోక్‌నగర్ సంగతి వేరు. నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును, శిక్షణ సంస్థల చుట్టును అద్దె గదులలో, వసతిగృహములలో జిల్లాలనుండి వచ్చిన యువతులు వేలకొలది ఉన్నారు. ఒక పరీక్ష తరువాత ఒకటి. ప్రకటన, వాయిదా, మరల ప్రకటన. నిద్ర నాలుగు గంటలు, ఆహారము పలుచని పప్పు, తెల్లని అన్నము, నడుమ తేనీరు. ఇరువదియైదవ యేట జుట్టు నెరయుచున్నదని వాపోవువారు వారిలో కలరు. కొందరికి అది తండ్రి తాతలనుండి వచ్చినది; కొందరికి బి12 విటమిను కొరత. తీవ్రమైన ఒత్తిడి జుట్టుకు రంగునిచ్చు మూలకణములనే హరించునని 2020లో హార్వర్డు శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధన నిరూపించినది. పరీక్షల తేదీలు మారకుండ చూచుట పాలకుల పని. కోడిగ్రుడ్డు, పెరుగు, ఏడు గంటల నిద్ర ఆ యువతుల పని. 'ఉద్యోగము వచ్చిన తరువాత తినెదను' అను మాట వారిలో వినబడుచుండును. ఎముకలు గట్టిపడు కాలము ముప్పది యేండ్లలోపే ముగియునని వారికి ఏ శిక్షణ సంస్థయు చెప్పదు.

ఉదయము మెల్కోటే పార్కులోను ఇందిరా పార్కులోను నడచువారు కనబడుదురు. అదే గంటకు చాల ఇండ్లలో ఇల్లాలు దోసె పెనము వద్ద నిలుచుండియుండును. 2019 జాతీయ కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేయు స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు దానికి వినియోగించుచున్నట్లు తేలినది. స్త్రీ నడకకు పోవలెనన్నచో మొదట పెనము వద్ద వేరొకరు నిలువవలెను. ఇంటిపనియే వ్యాయామము గదా అనువారు కలరు. వంగి ఊడ్చుట నడుమును అరగదీయును, కండను పెంచదు. నలుబదియేండ్లు దాటిన స్త్రీకి కండబలము తగ్గకుండ కొంచెము బరువు ఎత్తుట, మెట్లెక్కుట, వేగముగ నడచుట అవసరము. నిటారైన వెన్ను, తేలికైన నడక ఏ ముఖలేపనముకంటెను ముందుగా మనిషిని చిన్నదానిగ చూపును. సాయంకాలము త్యాగరాయ గానసభ మెట్లు చకచక ఎక్కి ముందువరుసలో కూర్చుండు తెల్లజుట్టు స్త్రీలను చూచినవారు వారి వయసును లెక్కించు పని పెట్టుకొనరు.

తెలంగాణ ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయసు 2021లో 58 నుండి 61 ఏండ్లకు పెరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 ఆయెను. అనగా ఉపాధ్యాయిని ముట్లుడిగిన తరువాత పదునైదేండ్లకు దగ్గరగా పిల్లల యెదుట నిలువవలెను. ఆ పదునైదేండ్ల కొరకు పాఠశాలలు ఏమి సిద్ధము చేసినవి? స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి లేక దినమంతయు నీరు త్రాగని ఉపాధ్యాయినులు ఇంకను కలరు. నీరెండిన చర్మమును గురించి వారికి సలహా చెప్పుట క్రూరత్వము. కూర్చుండుటకు కుర్చీ లేని తరగతిగదులు కలవు. ఏటికొకసారి ఉపాధ్యాయినులకును, ఎనిమిదవ తరగతి నుండి బాలికలకును రక్తపరీక్ష చేయించుట, నలుబదియైదు దాటినవారికి ఎముకల పటుత్వమును చూపించుట, స్త్రీల విరామగదిలో ఒక మంచము వేయించుట పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. జీవశాస్త్ర పాఠమున పునరుత్పత్తి అధ్యాయము ప్రసవముతో ముగియుచున్నచో, దానికి ముట్లుడుగు దశను గురించి రెండు పుటలు చేర్పవలెను. ఆ రెండు పుటలను దాటవేయక, గొంతు తగ్గింపక తరగతిలో చదివి చెప్పవలెను. మగపిల్లలు కూడ ఆ గదిలో ఉండవలెను. పెనము వద్ద రేపు నిలువవలసినవారు వారు.